మా వదిన వద్దంది

మా వదిన డింప్నాని ఎవరైనా టీ తాగుతారా అని అడిగితే ముందు వద్దంటుంది. రెండోసారి అడిగితే, నాకోసం మీకెందుకు శ్రమ అంటుంది. మూడోసారి అడిగితే, సరే, అర కప్పు, అదీ మీరు తాగుతుంటేనే అంటుంది. ఆ తర్వాత మూడు కప్పులు తాగుతుంది. ఇందులో వింతేమీ లేదు. ఐర్లండులో మా కిల్‌దర్రా ఊళ్ళో అందరం అంతే. మొదటిసారికే ఊఁ అనే మనిషిని చూస్తే, పాపం ఇంట్లో పొయ్యి వెలిగినట్టు లేదనుకుంటాం. కానీ మర్యాదకైనా ఒక హద్దుండాలి కదా. పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు, మత్తు సూది వేయమంటారా అని ఆయన అడిగితే, "అబ్బే, నాకెందుకులెండి" అన్న మనిషి ఈ భూమ్మీద మా వదిన ఒక్కతే. ఆయన మళ్ళీ అడగలేదు. సాయంత్రం చెంప పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఆ డాక్టరుకి పెంపకం సరిగ్గా లేదని నా మీద విసుక్కుంది.

నేను ఆమె తమ్ముడు మలాకీ భార్యని. నా పేరు ఫిలోమినా. కోట హోటల్లో పొద్దుటి ఫలహారాల వంట నాది, పై అంతస్తుల్లో గదుల పని ఆమెది. పెళ్ళై ఈ ఇంట అడుగుపెట్టిన నాటి నుంచి ఈ ఆడపడుచుతో వేగుతున్నాను. ఆమె మంచిది కాదని ఇంకెవరైనా అంటే మాత్రం ఊరుకోను. ఆ మాట అనే హక్కు ఊళ్ళో నా ఒక్కదానికే ఉంది. సన్నగా, పొడుగ్గా, నిటారుగా ఉంటుంది. నెత్తికి ప్లాస్టిక్ గుడ్డ కట్టుకుని, కోటు జేబులో జపమాల వేసుకుని, పొద్దున్నే వానలో గేటు దగ్గర నుంచి కోట దాకా నడిచొస్తుంది. దార్లో ఎవరైనా కారు ఆపి ఎక్కమంటే ఎక్కదు. రెండోసారి అడిగితే, "వాన ఎక్కడుంది, ఇదొక తుంపర" అంటుంది. పనికి వెళ్ళే తొందరలో ఉన్నవాళ్ళు మూడోసారి అడగరు. అలా తడిసి ఆమెకి ప్రతి నవంబరులోనూ దగ్గు.

పెళ్ళి విషయంలోనూ ఇదే తంతు. పాల లారీ నడిపే ఫింటన్ అనే అబ్బాయి, నెమ్మదైనవాడు, ఒక డాన్సు రాత్రి నన్ను చేసుకుంటావా అని అడిగాడు. "నన్నెందుకు, నీకు ఇంకెవరూ దొరకలేదా?" అంది. పాపం అతను మా ఊరివాడే. మర్యాద తెలిసినవాడే. చలికాలం పనికని బర్మింగ్‌హామ్ వెళ్తూ బస్సు స్టాపులో రెండోసారి అడిగాడు. "అంత దూరం వెళ్తూ ఇప్పుడీ మాటలెందుకు" అంది. ఇంతలో బస్సొచ్చింది. మూడోసారి అడగాలంటే అతను ఎక్కిన బస్సు దిగాలి. దిగలేదు. అక్కడే ఒక నర్సుని చేసుకున్నాడు. తప్పెవరిదని అడిగితే మా వదిన, బస్సుదంటుంది.

ఇప్పుడు కోట సంగతి చెప్పాలి. అది లేకపోతే మా వదినా లేదు, నా తలనొప్పీ లేదు. ముందు అదొక రాతి బురుజు. ఎవరో మోటు సర్దారు తన పశువుల్ని పక్క ఊరి సర్దారు తోలుకుపోకుండా కట్టుకున్నాడు. తర్వాత ఇంగ్లాండు నుంచి హాక్‌లీ దొరలొచ్చి, బురుజు పక్కన పెద్ద మేడ కట్టి, పైన పళ్ళ చక్రంలా అంచు పెట్టి, దానికి కోటని పేరు పెట్టారు. బంగాళాదుంపలు కుళ్ళిపోయిన కరువులో, గిన్నెడు గంజి కోసం ఊరంతా రాళ్ళు మోసి, ఆ తోట చుట్టూ ప్రహరీ కట్టింది. అలా మోసినవాళ్ళలో ఒకడు మా వాళ్ళ ముత్తాత తండ్రి. గోడ పూర్తయ్యాక కూడా బతికే ఉన్నాడు కాబట్టి అతన్ని గేటు తీసే పనిలో పెట్టుకున్నారు. గేటు పక్కనే రెండు గదుల ఇల్లిచ్చారు. ఆ ఇంటినే మేం గేటిల్లు అంటాం. దానికీ నెత్తిన ఒక బుల్లి బురుజు ఉంది, అందులో పావురం కూడా సరిగ్గా పట్టదు. అప్పటి నుంచీ మా వదిన వాళ్ళు అందులోనే పుట్టారు, అందులోనే పోయారు.

స్వాతంత్ర్యం కోసం గొడవలు జరిగే రోజుల్లో ఇలాంటి కోటలు చాలా తగలబడ్డాయి. మాది మిగిలింది. దొరసాని ధైర్యంగా మెట్ల మీద నిలబడి మాట్లాడబట్టే కోట దక్కిందని హోటల్ గోడ మీద అందంగా రాసి చట్రం కట్టి పెట్టారు. అది చదివినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. దొరసాని అప్పుడు లండన్‌లో టోపీలు కొనుక్కుంటోంది. కోటలో ఉన్నది అక్కడ వంట చేసే మా వదిన నాయనమ్మ హనోరా, ఇద్దరు పనిపిల్లలు, ఒక ముసలి కుక్క. ఒక ముసురు సాయంత్రం పెట్రోలు డబ్బాలు పట్టుకుని, దొరల మీద తిరగబడ్డ కుర్రాళ్ళొచ్చారు. వంటింటి తలుపు తట్టి, అమ్మా బయటికి రండి, ఇల్లు కాల్చాలి అన్నారు. హనోరా వాళ్ళని ఎగాదిగా చూసి, నిలువునా తడిసిపోయారు, టీ తాగండి అంది. వద్దన్నారు. మళ్ళీ అడిగింది. అంత టైము లేదన్నారు. మూడోసారి అడిగింది. మూడోసారి కూడా కాదంటే ఆవిడ ఇంటిని అవమానించినట్టే. కోటని కాల్చొచ్చు గానీ వంటమనిషిని అవమానించడానికి ఆ పిల్లలకి మనసొప్పలేదు. లోపలికొచ్చి బూట్లు తుడుచుకుని కూర్చున్నారు. రొట్టె అప్పుడే పొయ్యిలో పెట్టింది, అది కాలేదాకా ఆగారు. తినడం అయ్యేసరికి రోడ్డు మీద సైనికుల లారీ చప్పుడైంది. డబ్బాలు వదిలేసి తోటలోంచి పరిగెత్తారు. ఆ పెట్రోలుని ఏం చేశారో నాకు తెలీదు గానీ, కోట మాత్రం మిగిలింది.

దొరల డబ్బు అయిపోయాక కోటని సన్యాసినులకి అమ్మారు. వాళ్ళు ఆడపిల్లల బడి పెట్టారు. వాళ్ళకీ పిల్లలు కరువయ్యాక డబ్లిన్ వ్యాపారి ఒకాయన కొని హోటల్ చేశాడు. ప్రార్థన గదిలో బారు పెట్టి, చెరసాల అని చెప్పి బొగ్గుల గదికి టిక్కెట్టు పెట్టాడు. ఈయన దివాలా తీసిన తర్వాత కొన్నాళ్ళు బ్యాంకు వాళ్ళు తాళమేశారు. చివరికి హాలండ్ కంపెనీ ఒకటి కొని, హానెకా అనే మేనేజరుని పంపింది.

హానెకా నలభై ఏళ్ళ మనిషి. సైకిల్ మీద తిరుగుతుంది. అబద్ధమాడదు, ఆలస్యంగా రాదు, అడిగిందానికే జవాబు చెప్తుంది. ఫలహారం ఎలా ఉందని నేను మొదటి రోజు అడిగితే, గుడ్లు బాగున్నాయి, రొట్టెలో సోడా ఎక్కువైంది అంది. ఇక్కడ పుట్టినవాళ్ళెవరూ ఆ మాట అనరు. బాగుందని మెచ్చుకుని బల్ల కింద కుక్కకి వేస్తారు. నాకు ముందు ఒళ్ళు మండింది, తర్వాత సోడా తగ్గించాను. టీ కావాలా అంటే మొదటిసారికే "కావాలి, పాలు వద్దు" అనేది. వంటింట్లో పిల్లలు వెనక నవ్వుకునేవాళ్ళు.

ఆ వసంతంలో హానెకా మా వదినని ఆఫీసులోకి పిలిచింది. గేటిల్లు హోటల్‌దే. దాన్ని బాగుచేసి కొత్త జంటలకి అద్దెకివ్వాలని పైవాళ్ళ ఆలోచన. అయినా ముందు ఆమెని అడగకుండా ఏదీ చేయకూడదని హానెకా పట్టుబట్టింది. మీరు అక్కడే ఉండాలనుకుంటే బతికినన్నాళ్ళూ మీరే ఉండేట్టు కాగితం రాసిస్తాం, ఉండాలనుకుంటున్నారా అని తిన్నగా అడిగింది. మా వదిన, "అబ్బే, వద్దులెండి, నా మూలంగా మీకెందుకు ఇబ్బంది" అంది. హానెకా సరే, థ్యాంక్స్ అని చెప్పి, తువ్వాళ్ళ సంగతి మాట్లాడింది. మా వదిన తువ్వాళ్ళ సంగతి విని బయటికొచ్చింది. ఈ విషయం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఇల్లంటే ఆమెకి ప్రాణం. నాకైతే అందులో ఒక రాత్రి కూడా పడుకోబుద్ధి కాదు. గోడలు ఏడాది పొడుగునా చెమ్మ, చిమ్నీ నిండా కాకులు, పొయ్యి పక్క నుంచి లేస్తే వణుకు. కానీ ఆమె ఆ చిమ్నీ కాకులకి కూడా పేర్లు పెట్టింది. తల్లి పోయిన మంచం మీదే పడుకుంటుంది. గేటు ఇప్పుడు కరెంటుతో దానంతటదే తెరుచుకుంటుంది, అయినా చప్పుడైతే లేచి కిటికీలోంచి చూడనిదే నిద్రపోదు. ఆ ఇల్లు పోతే ఆమె ఎలా ఉంటుందో నాకు ఊహకి కూడా అందదు.

నాకు విషయం తెలిసింది టేపులు పట్టుకుని మనుషులు వచ్చి గేటిల్లు కిటికీలు కొలుస్తుంటే. అప్పటికి చాలా రోజులైపోయింది. నేను వెళ్ళేసరికి మా వదిన వాళ్ళకి టీ, జాము రొట్టె పెట్టి, కొలతలు సరిగ్గా వచ్చాయా నాయనా అని అడుగుతోంది. వాళ్ళు వెళ్ళాక కూర్చోబెట్టి నిలదీస్తే ఒక్కొక్క మాటా బయటికొచ్చింది. నా తలప్రాణం తోకకొచ్చింది.

"వదినా, ఒక్కటే మాట చెప్పు. నీకు ఈ ఇల్లు కావాలా, వద్దా?" అన్నాను.

"కావాలని నోరు తెరిచి ఎలా అంటానే? ఇల్లు వాళ్ళది."

"ఆవిడ ఇస్తానంది కదా!"

"అంది. ఒక్కసారి అంది. ఇవ్వాలని నిజంగా ఉన్న మనిషి ఒక్కసారి అని ఊరుకుంటుందా? మాటవరసకి అడిగింది. నేను వద్దనగానే ఎంత హాయిగా తువ్వాళ్ళ మాట ఎత్తుకుందో నువ్వు చూడాల్సింది."

"ఆవిడ హాలండ్ మనిషి. వాళ్ళకి వద్దంటే వద్దే."

"అదేం మర్యాద? వద్దంటే వద్దనుకుంటే ఇంక మనుషులెట్లా బతుకుతారు?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడిగి మరీ పెడతామంటే, చెయ్యి వెనక్కి పెట్టుకుని కూర్చుంది. నువ్వు వెళ్ళి చెప్పు, లేదా నేను వెళ్ళి చెప్తానన్నాను. నువ్వు వెళ్ళి అడుక్కున్నావంటే ఈ గడప తొక్కకు అంది. ఇంటికెళ్ళి మలాకీకి చెప్పాను. వాన తగ్గాక చూద్దాం అన్నాడు. వాన తగ్గడమంటూ లేని ఈ దేశంలో ఆ మాటకి అర్థమేమిటో అందరికీ తెలుసు.

మర్నాడు సాసేజీల పెనం దించి, ఏప్రన్‌తోనే హానెకా ఆఫీసుకెళ్ళాను. ఆవిడ కంప్యూటరు పక్కకి జరిపి శ్రద్ధగా విన్నది. నేను చెప్పడం అయ్యాక ఆవిడ మొహం చూస్తే, నేనేదో లెక్క తప్పు చేసి తీసుకొచ్చినట్టుంది.

"నేను అడిగాను. ఆమె వద్దన్నారు. పెద్దావిడ మాటకి విలువిచ్చి నేను మళ్ళీ ఎత్తలేదు," అంది.

"వద్దంటే కావాలని."

"మరి నిజంగా వద్దనుకుంటే ఏమంటారు?"

"వద్దనే అంటాం."

హానెకా చేతుల్లో తల పెట్టుకుంది. తేడా ఎలా తెలుస్తుందని అడిగింది. మూడోసారికి తెలుస్తుందన్నాను. మా పాత ఐరిష్ భాషలో అవును, కాదు అనే మాటలే లేవనీ, టీ తాగుతావా అంటే తాగుతాననో తాగననో అనాల్సిందేననీ, తిన్నగా ఒక్క ముక్కలో తేల్చడం మాకు తరతరాలుగా చేతకాదనీ చెప్పుకొచ్చాను. ఇప్పుడు మాట్లాడుతున్నది ఇంగ్లీషే కదా, అందులో రెండు మాటలూ ఉన్నాయి కదా అంది. ఉన్నాయి, మేం వాడం అన్నాను. ఆవిడ, ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచి ఎన్ని వద్దులు విన్నానో, అందులో ఎన్నింటికి కావాలని అర్థమో అని గొణుక్కుంది. వంటింట్లో కుర్రదానికి సెలవు కావాలా అంటే వద్దంది, తర్వాత కుంటుతూ తిరిగింది, అదీ ఇదేనా అని అడిగింది. అదీ ఇదే అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ హానెకాకి ఏదైనా తప్పు జరిగిందని తెలిస్తే అప్పటికప్పుడు దిద్దాలి. లేచి నిలబడి, ఇప్పుడే మూడుసార్లు అడుగుతానని బయల్దేరింది. అలా కాదమ్మాయ్, అన్నాను. వినలేదు. నేను వెనకాలే పరిగెత్తాను. దుప్పట్ల గదిలో మా వదిన ఇద్దరు పనిపిల్లలతో కలిసి దిండు గలీబులు మడతపెడుతోంది. హానెకా గుమ్మంలో నిలబడి, గట్టిగా, స్పష్టంగా, ఊపిరి తీసుకోకుండా అడిగింది.

"డింప్నా, మీకు ఆ ఇల్లు కావాలా? మీకు ఆ ఇల్లు కావాలా? మీకు ఆ ఇల్లు కావాలా?"

సంతలో దూడని వేలం వేసినట్టుంది. పిల్లలు దుప్పట్లో మొహం దాచుకుని కిసుక్కుమన్నారు. మా వదిన మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడింది. మడత పెట్టిన గలీబుని మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టి, బీరువాలో పెట్టింది.

"వద్దు," అంది.

హానెకా నా వైపు తిరిగి, "ఇది ఏ రకం వద్దు?" అని అడిగింది.

"ఇది నిజం వద్దు," అన్నాను. ఏడవాలో నవ్వాలో తెలీలేదు నాకు.

ఆ రోజు నుంచి మా వదిన నాతో మాట్లాడటం మానేసింది. మా ఇంట్లోనే, నా బల్ల దగ్గరే, నేను వండిన కూరే తింటూ, "మలాకీ, మీ ఆవిడని ఉప్పు అందివ్వమను" అనేది. మలాకీ ఉప్పు తనే తీసి ఇచ్చేవాడు. అతనికి ఇందులో ఏ ఇబ్బందీ కనిపించలేదు. గేటిల్లు పని వేసవిలో మొదలవుతుందని కబురొచ్చింది. మా వదిన టౌనుకెళ్ళి, మందుల షాపు మీద ఒక గది చూసొచ్చింది. వెచ్చగా ఉంటుందట, కుళాయిలో వేడినీళ్ళట, కిందే మందులట. ఎవరు అడిగినా నాకేం, బానే ఉంటుంది అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కళ్ళు కిందికే ఉండేవి. ఒళ్ళు చిక్కిపోయింది. పక్కల మీద దుప్పట్లు ముడతలతో వదిలేస్తోందని పిల్లలు నాకొచ్చి చెప్పారు. ఆమె చేతి కింద అలా ఎప్పుడూ జరగలేదు. నాకు కోపం ఎంత ఉందో భయం అంత ఉంది. రెండింటిలో కోపమే తేలిక, అందుకని దాన్నే పట్టుకుని తిరిగాను.

ఒక ఆదివారం చర్చిలో పూజ అయ్యాక, మాటల్లేకపోయినా మనిషి మనిషే కదా అని, సామాను సర్దడానికి గేటిల్లుకెళ్ళాను. ఆమె పింగాణీ పళ్ళేలు పాత పేపర్లలో చుడుతోంది. నేనూ ఒకటి తీసుకుని చుట్టాను. వద్దనలేదు, రమ్మనలేదు. బయట వాన. అంతలో వెనక తలుపు ఎవరో తట్టారు.

హానెకా. అన్ని రోజులూ ఆవిడ ఎవరింటికెళ్ళినా వీధి తలుపే తట్టేది. మాకు వీధి తలుపు పాదిరిగారికీ శవపేటికకీ తప్ప తెరవం. ఈసారి ఇంటి చుట్టూ బురదలో తిరిగి, కోళ్ళ గూడు దాటుకుని వెనక్కొచ్చింది. గుమ్మంలో బూట్లు తుడుచుకుంటూ, "మెత్తటి వాన," అంది, అచ్చం మా ఊరివాళ్ళ పలకరింపులా. కుంభవృష్టి కురుస్తోంది.

"మెత్తగానే ఉంది," అంది మా వదిన. ఎవరొచ్చినా కుర్చీ లాగి వేసే చెయ్యి కదా, వేసింది. ఆ పిల్ల మీద ఎంత కోపమున్నా కెటిల్ పొయ్యి మీద పెట్టింది. "టీ తాగుతారా?"

"వద్దండీ," అంది హానెకా.

మా వదిన చెయ్యి కెటిల్ మీదే ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఆవిడ మొహంలోకి చూసింది. ఎగతాళేమో అని వెతికిందనుకుంటాను. హానెకా మాత్రం బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలా బిగుసుకుని కూర్చుంది.

మా వదిన ఇంకోసారి అడిగింది. నాకోసం మీకెందుకు శ్రమ అంది హానెకా. మూడోసారి అడిగింది. సరే, అర కప్పు, మీరు తాగుతుంటేనే అంది. నేను తల తిప్పుకుని గోడకేసి చూశాను.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మాటలు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాన గురించి మాట్లాడారు. మలాకీ పెయ్య గురించి మాట్లాడారు. బిషప్పుగారి మోకాలి ఆపరేషను గురించి మాట్లాడారు. బిషప్పుగారెవరో హానెకాకి తెలీను కూడా తెలీదు. ఇల్లు చేజారిపోతుంటే మోకాలి గురించి మాటలేమిటని అరవాలనిపించింది. నాలిక కరుచుకుని పళ్ళేలు చుట్టాను. ఎప్పటికో హానెకా కప్పు కింద పెట్టింది.

"ఒక మాట దాచకుండా చెప్పాలి. నేను మొదట అడిగినప్పుడు ఈ ఇల్లివ్వడం నా చేతిలో పని. ఇప్పుడు పైవాళ్ళు ప్లాను ఖాయం చేసేశారు. నేను వాళ్ళతో పోట్లాడాలి. పోట్లాడతాను. కానీ వద్దన్న మనిషి తరఫున పోట్లాడలేను కదా. మీరు ఇక్కడే ఉంటారా?"

"అబ్బే. మీ పై అధికారులతో మీకెందుకు తగువు," అంది మా వదిన.

హానెకా తలూపింది. టీతో పెట్టిన రొట్టె బాగుందంది. సోడా సరిపోయిందా అని మా వదిన అడిగితే, సరిపోయిందంది. అది అబద్ధం. ఆవిడ ఆడగా నేను విన్న మొదటి అబద్ధం. కాసేపాగి ఇంటి మాట రెండోసారి అడిగింది.

"ముసలిదాన్ని, ఎక్కడైనా గడిచిపోతుంది. మందుల షాపు మీద వెచ్చగా ఉంటుందట," అంది మా వదిన.

హానెకా ఎంతసేపు ఆగాలో తెలీక నా వైపు చూసింది. నాకు మాత్రం ఏం తెలుసు? చిమ్నీలో కాకులు కొట్టుకుంటున్నాయి. మా వదిన చేతిలో ఉన్న పళ్ళేన్ని చుట్టలేదు, కింద పెట్టలేదు, అలాగే గుండెకి ఆనించుకుని కూర్చుంది. హానెకా ఊపిరి తీసుకుని నోరు తెరిచింది.

"ఆగమ్మా," అంది మా వదిన. "మళ్ళీ అడగొద్దు. నాకు కావాలి."

హానెకా కప్పులో మిగిలింది తాగేసి, మా వదినతో చెయ్యి కలిపి, వానలోనే సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ ఆ వేసవంతా ఫోన్లో తన భాషలో, గొంతులో ముల్లు దిగినట్టు అరుస్తూనే ఉంది. చివరికి వాళ్ళని లొంగదీసి కాగితం తెప్పించింది. ఆ అరుపులన్నీ మా వంటింట్లోకి వినిపించేవి, మాకు ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ ఆదివారం మేమిద్దరమే మిగిలాం. మా వదిన లేచి కప్పులు కడగడం మొదలుపెట్టింది. నేను ఊరుకోలేకపోయాను.

"ఆ మాట వసంతంలోనే అనుంటే ఏం పోయేది నీకు? ఒక్క మాట! ఎందుకింత రాద్ధాంతం చేశావ్?"

ఆమె నా వైపు తిరగలేదు. నాతో మాట్లాడటం లేదన్న సంగతి గుర్తున్నట్టు కూడా లేదు.

"మమ్మల్ని ఎవరు అడిగారే ఇన్నాళ్ళూ? దొరలు సిస్టర్లకి అమ్మినప్పుడు గేటుతో పాటే మేమూ వెళ్ళాం. సిస్టర్లు హోటలాయనకి అమ్మినప్పుడూ అంతే, బ్యాంకు వాళ్ళొచ్చినప్పుడూ అంతే. ఉంటారా, పోతారా అని మా నాన్నని అడగలేదు, మా తాతని అడగలేదు. ఈ పిల్లే మొదట అడిగింది. అడిగీ అడగ్గానే ఊఁ అంటే ఎట్లా ఉంటుంది? ఎప్పుడడుగుతారా అని పుట్టినప్పటి నుంచీ కాచుక్కూచున్నట్టుండదూ?"

"మరి కూచోలేదా నువ్వు?"

"కూచున్నాను," అంది మా వదిన.

నేను కొక్కెం మీదున్న తువ్వాలు తీసుకుని ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె కడిగి ఇస్తుంటే కప్పులు తుడిచాను.